పాలిచ్చే గదికి తాళం ఎందుకు?

జయంతికి ఆరాలు ఎక్కువ. ఈ మాట చాటుగా అనడం లేదు, ఆమె ముందే అంటాను, ఆమె నవ్వి ఊరుకుంటుంది. చందానగర్ స్టేషన్‌లో రైలు రాకపోతే మేమందరం రైల్వేవాళ్లని తిట్టుకుంటూ నిలబడతాం. జయంతి మాత్రం ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, పట్టాల మీద పనిచేసేవాళ్లని పలకరించి, రైలు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, రోజూ అక్కడే ఎందుకు ఆగుతుందో కనుక్కుని వస్తుంది. వచ్చి నాకు చెబుతుంది. నాకు ఆ గొడవ అక్కర్లేదు. రైలు వస్తే ఎక్కుతాను, రాకపోతే షేర్ ఆటో ఎక్కుతాను. ఈ రెండింటికీ కారణాలు తెలియాల్సిన పని లేదని నా అభిప్రాయం.

ఆమెది నరసాపురం వైపు. భర్త సోమేశ్వరరావుగారు నీటిపారుదల శాఖలో గుమాస్తా. నేనేమో చందానగర్‌లో పుట్టి, చందానగర్‌లోనే పక్క వీధికి కోడలిగా వెళ్లినదాన్ని. మా రెండిళ్లకీ మధ్య ఒక్క ప్రహరీగోడ. కొత్తగా కిరాయికి దిగిన రోజున ఆ గోడ మీంచి తల పెట్టి, "వదినగారూ, ఈ నీళ్లు మంజీరావాండీ, బోరువా?" అని అడిగింది. అదే మా పరిచయం. తర్వాత వీధిలో ఎవరెవరు ఏ ఉద్యోగం చేస్తారో ఆరా తీస్తూ తీస్తూ తనకో పని సంపాదించుకుని, పక్క కుర్చీ నాకూ ఇప్పించింది. ఆమె తీసిన ఆరాల్లో పనికొచ్చింది ఇదొక్కటేనని దెప్పుతుంటాను.

మా ఆఫీసు రాయదుర్గంలో, అద్దాల మేడలో. కింద అంతస్తుల్లో అమెరికా బ్యాంకుల లెక్కలు చూస్తారు, పై అంతస్తుల్లో ఏం చూస్తారో జయంతికి తెలుసు, నాకు తెలియదు. మా అంతస్తులో చిన్న చిన్న ఊళ్ల విమానాశ్రయాల ఫోన్లు ఎత్తుతాం. మా ఇద్దరి వంతుకి వచ్చింది సీమలోని ఒక విమానాశ్రయం. దాని పేరు చెప్పను, అక్కడివాళ్లకి ఇబ్బంది. అక్కడి సహాయ కేంద్రం నంబరుకి ఫోన్ చేస్తే గంట మోగేది రాయదుర్గంలో మా బల్ల మీద. మేమెక్కడున్నామో చెప్పకూడదని నియమం. కాబట్టి ఫోన్ చేసేవాళ్లందరూ మేం అక్కడే, ఆ గుమ్మంలోనే కూర్చున్నామనుకుంటారు. "తల్లీ, ఎర్ర కారు, చెట్టు కింద ఉండాం, రవంత బయటికొచ్చి చెయ్యి ఊపు" అంటారు. మా అల్లుడు దిగినాడా అని అడుగుతారు. నేనైతే నియమం ప్రకారం జవాబిచ్చి పెట్టేస్తాను. జయంతి అల్లుడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కనుక్కుని, అక్కడి సెక్యూరిటీ మనిషికి ఫోన్ చేసి, ఆ అల్లుడు దిగాడో లేదో తెలుసుకుని మరీ చెబుతుంది.

అలా ఫోన్లోనే ఆ విమానాశ్రయం మొత్తం ఆమెకి తెలిసిపోయింది. రోజుకు రెండో మూడో విమానాలు. ఒకటే సామాను బెల్టు, అది మొదలయ్యేటప్పుడు మూలుగుతుంది. రెండు మంచినీళ్ల కుళాయిల్లో ఎడమవైపు దానిలోనే చల్లటి నీళ్లు వస్తాయి. సాగనంపేవాళ్ల కోసం బయట ఒక షెడ్డు, దాని పక్కన ఉగ్గాని, బజ్జీ అమ్మే క్యాంటీను. చక్రాల కుర్చీ కావాలంటే ఎవరిని అడగాలో, చంటిపిల్లల ఉయ్యాల బండి ఏ స్తంభం వెనక పెడతారో అన్నీ తెలుసు. తెలియనిది ఒక్కటే. అక్కడ బిడ్డతల్లుల కోసం ఒక గది ఉంది. తలుపు మీద బొమ్మ కూడా ఉందట. ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే.

ఆ గది మీద ఫిర్యాదులు వస్తూనే ఉండేవి. మేం అక్కడి ఇన్‌ఛార్జి వెంకటరమణగారికి పంపేవాళ్లం. ఆయన్నుంచి జవాబు వచ్చేది. ఒకసారి రంగులేస్తున్నామన్నారు. ఇంకోసారి తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. మరోసారి పైకప్పు కారుతోందన్నారు. నేనైతే ఏది చెబితే అది రాసుకునేదాన్ని. జయంతి ఊరుకోలేదు.

"ఏ రంగు వేశారండీ?" అని అడిగింది ఫోన్లో.

"తెలుపు మేడం."

"నిన్న కారుతోందన్నారు కదా, కారే గోడకి రంగెలా వేశారండీ?"

అవతల వెంకటరమణగారు గొంతు తగ్గించారు. "పైనుంచి ఆర్డరు రావల్ల మేడం" అని పెట్టేశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు శిరీష ఫోన్ వచ్చింది. శిరీష కోకాపేటలో ఉంటుంది, ఐటీ ఉద్యోగం, ప్రసూతి సెలవులో ఉంది. మా కిటికీలోంచి చూస్తే ఆమె ఉండే మేడలు కనిపిస్తాయి, కానీ ఆమె లెక్కలో మేం సీమలో ఉన్నాం. పుట్టిల్లు ఆ ఊళ్లోనే. కారులో వెళ్తే బిడ్డ దారంతా కక్కుకుంటుందని విమానంలో వచ్చిపోతుంది. కిందటిసారి అక్కడి నుంచి బయల్దేరేటప్పుడు ఆ గదికి తాళం వేసి ఉండటంతో టాయిలెట్లో నిలబడి బిడ్డకి పాలిచ్చిందట.

"వాసన భరించలేక నేను ముక్కు మూసుకున్నాను. పాపకి ముక్కు మూసుకోవడం రాదు కదండీ" అంది. "ఇప్పుడు మా అమ్మ ఒడిబియ్యం పోస్తానని మళ్లీ రమ్మంటోంది. నేను రానని చెప్పాను. మీరు అక్కడే ఉంటారు కదా, ఒక్కసారి లేచి వెళ్లి ఆ తలుపు తీయించలేరా?"

మా స్క్రిప్టులో ఇలాంటి వాటికి ఒక వాక్యం ఉంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. జయంతి ఆ వాక్యం చదవలేదు.

"మీరు పుట్టింటికి వెళ్లండమ్మా. మీరు తిరిగొచ్చే రోజున ఆ గది తెరిచి ఉంటుంది. నాది పూచీ" అంది.

మా మేనేజరు పార్థసారథిగారు ఫోన్లన్నీ మళ్లీ వింటారు. మర్నాడే పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"జయంతిగారూ, పూచీ అనే మాట మన స్క్రిప్టులో ఎక్కడుంది?"

"లేదండి."

"మరి? మనం ఇక్కడ ఫోన్లు ఎత్తేవాళ్లం. అక్కడి తలుపులు మనవి కావు. మీరు ఇలా మాటివ్వడం ఇది మొదటిసారి కూడా కాదు. ఆ అమ్మాయి దగ్గర్నుంచి మళ్లీ ఫిర్యాదు వస్తే మిమ్మల్ని ఈ ఉద్యోగంలో ఉంచడం నా చేతుల్లో ఉండదు. ముందే చెబుతున్నాను."

ఆ సాయంత్రం రైల్లో నాకు ఒళ్లు మండిపోయింది. సోమేశ్వరరావుగారి ఒక్క జీతంతో వాళ్ల కిరాయి, తిండి గడవవని నాకు తెలుసు.

"నీకెందుకే గీ లొల్లి? ఆ గది నీదా, తాళం నీదా? ఉన్న కొలువు ఊడగొట్టుకుంటవా ఏంది?" అన్నాను.

"అది కాదు వదినగారూ. తాళం వేశారు, సరే. ఎందుకు వేశారో చెప్పడానికి మనిషి అన్ని అబద్ధాలాడాలా? ఆ గదిలో ఏదో ఉంది."

"ఏముంటది? పాత కుర్చీలుంటయి."

"పాత కుర్చీలకి ఎవరైనా సిగ్గుపడతారాండీ? ఆయన గొంతులో సిగ్గుంది."

ఇగ ఆమెని ఆపడం నావల్ల కాలేదు. శిరీష తిరుగు ప్రయాణం రోజు తెలుసుకుని, ఆ రోజుకి సెలవు పెట్టింది. వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు శిరీష ఎక్కే విమానమే. జయంతి అంతవరకు విమానం ఎక్కలేదు. పొద్దస్తమానం విమానాల గురించి మాట్లాడే మనిషి ఒక్కసారైనా ఎక్కకపోవడం ఏమిటని సోమేశ్వరరావుగారు ఎప్పట్నుంచో అంటున్నారట, ఆయనే టికెట్లు కొనిచ్చారు. తోడుకి నన్ను లాగింది. నేనూ ఎక్కలేదు, ఎక్కాలని ముచ్చటా లేదు. అయినా వెళ్లాను, ఆమె ఒక్కతే వెళ్లి అక్కడ ఎవరితోనైనా పోట్లాట పెట్టుకుంటుందని.

బస్సులో దారంతా ప్రశ్నలే. పైకి లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయట కదా, మళ్లీ తెరుచుకోకపోతే? మబ్బులోంచి పోయేటప్పుడు కిటికీ తడుస్తుందా? రెక్కలు ఊగుతాయట, ఊగితే విరగవా? నాకు తెలిస్తే కదా చెప్పేది. కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

ఊరు దాటాక, బండరాళ్ల గుట్టల మధ్య ఉందా విమానాశ్రయం. మా చందానగర్ కూరగాయల మార్కెట్టు అంత కూడా లేదు. జయంతి విమానం ఎక్కబోతున్నానని పట్టుచీర కట్టుకొచ్చింది. ఆటో దిగి అలాగే నిలబడిపోయి, బంధువుల ఇల్లు చూసినట్టు ఒక్కొక్కటీ చూసుకుంది. షెడ్డులో ఒక్క ప్రయాణికుడికి పదిమంది చొప్పున సాగనంపేవాళ్లు క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. మేమూ క్యాంటీన్‌లో ఉగ్గాని తిన్నాం. టికెట్లు చూపించి లోపలికి వెళ్లగానే ఆమె తిన్నగా మంచినీళ్ల దగ్గరికి నడిచి, ఎడమ కుళాయి తిప్పి తాగి చూసింది.

"చల్లగానే ఉన్నాయి వదినగారూ" అంది, నీళ్లు తనే పెట్టించినంత సంతోషంగా.

గది కనిపించింది. తలుపు మీద తల్లీబిడ్డల బొమ్మ. బొమ్మ కింద తాళం.

వెంకటరమణగారిని పిలిపించాం. సన్నటి మనిషి, తల నెరిసింది, మెడలో గుర్తింపు కార్డు. జయంతి నోరు తెరవగానే ఆయనకి గొంతు తెలిసిపోయింది.

"మీరు ఫోన్ మేడం కదా? ఈడికెందుకొస్తిరి?"

"తాళం చూద్దామని వచ్చామండి."

"చూస్తిరి కదా మేడం, తాళమే" అన్నారాయన నేలచూపులు చూస్తూ. "లోపల కూర్చునేకి కుదరదు. రిపేరుండాది."

ఏం రిపేరండీ అని ఆమె, పైనోళ్లకి రాసినాను అని ఆయన, ఎప్పుడు రాశారని ఆమె, ఆయన అటు కదిలితే ఆమె ఇటు కదిలి అడ్డం నిలబడింది. ఈ గొడవలో ఉండగానే గుమ్మం దగ్గర చంటిపిల్ల ఏడుపు వినిపించింది. భుజాన సంచి, చంకలో పిల్ల, చేత్తో పెట్టె తోసుకుంటూ ఒకమ్మాయి లోపలికి వచ్చింది. గాజు తలుపు అవతల ఒక పెద్దావిడ ఇంకా చెయ్యూపుతూనే ఉంది. ఆ అమ్మాయి నేరుగా ఈ గది వైపే చూసింది, తాళం చూసింది, ముఖం చిన్నబోయింది. టాయిలెట్ వైపు తిరిగింది.

"శిరీషా, ఆగమ్మా" అంది జయంతి.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. "మీ గొంతు నాకు తెలుసు."

"నేనేనమ్మా. పూచీ పడ్డదాన్ని."

"తెరిచి ఉంటుందన్నారు కదండీ" అంది శిరీష. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

పిల్ల ఏడుపు పెద్దదైంది. నేను జయంతి ముఖం చూశాను. ఆమె ఉద్యోగం గురించి ఆలోచించడం లేదని నాకు అప్పుడే తెలిసింది. ఆ గోల విని వరసలో ఉన్నవాళ్లందరూ మావైపు తిరిగారు.

"వెంకటరమణగారూ, మీకూ పిల్లలుండే ఉంటారు. ఆ గదిలో ఏమున్నా సరే, నేనెవరికీ చెప్పను. పాప పాలు తాగేదాకా తెరవండి" అంది జయంతి.

ఆయన కాసేపు పిల్లని చూశారు. తాళంచెవి సెలవులో ఉన్నాయన దగ్గర కాదు, ఆయన జేబులోనే ఉంది.

తలుపు తెరవగానే పాత కొబ్బరినూనె వాసన గుప్పుమంది. గది నిండా గోతాలు. ఒకదాని మీద ఒకటి పేర్చి, పైకప్పుకి జానెడు దూరం దాకా ఉన్నాయి. ఒక గోతం మూతి విప్పి ఉంది. అందులో ఎండుకొబ్బరి. మేం కుడుకలంటాం, జయంతివాళ్లు కొబ్బరి చిప్పలంటారు, ఇక్కడివాళ్లు కొబ్బెర గిన్నెలంటారు. వందలో వేలో నాకు తెలియదు, నిండుగా ఉన్నాయి.

"ఇవన్నీ ఏంటండీ?" అంది జయంతి.

"ఒడిబియ్యంలోవి మేడం" అన్నారు వెంకటరమణగారు, నిజంగానే సిగ్గుపడుతూ. "ఎండుకొబ్బెరలో నూనె ఉంటాది, వేడికి అంటుకుంటాదని విమానంలోకి రానీరు. చేతిసంచిలో వద్దు, పెట్టెలో వద్దు. ఈడ ఆడబిడ్డలందరికీ అమ్మగారు ఒడి నింపి పంపిస్తారు. మేము తీసేస్తాం. తీసినంక చెత్తలో వెయ్యమని రూలు. ఎవురేస్తారు మేడం? ఊడ్చే ఆడోళ్లు మేం ముట్టమన్యారు. నేను చేద్దామంటే, మా పాపకీ మొన్ననే పోస్తిమి. చెయ్యి రాలే. ఈడ పెడ్తి. పెడ్తా పెడ్తా గదే నిండిపాయె. పైనోళ్లకి ఏమని రాసేది, కొబ్బెర పారేసేకి భయపడినామనా?"

నేను నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేకపోయాను. పుట్టింటి సారె చెత్తబుట్టలో వెయ్యమంటే నా చెయ్యి మాత్రం వస్తుందా? రాదు. ముగ్గురం కలిసి ముందు వరస గోతాలు బయటికి లాగాం. లోపల గోడవారన రెండు మంచి కుర్చీలు, కొత్తవి, మీద ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. శిరీష కొబ్బరి గోతాల మధ్య ఇరుక్కుని కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి జయంతి బయట కాపలా నిలబడింది. పిల్ల ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. జయంతి గోడకి జారబడి కళ్లు తుడుచుకుంది.

పిల్ల నిద్రపోయాక శిరీష తన పెట్టెని తనిఖీ యంత్రంలో పెట్టించింది. పెట్టె ఆగిపోయింది. విప్పితే జాకెట్టుముక్కలో మూటగట్టిన ఒడిబియ్యం, అందులో పసుపు పూసిన కొబ్బరి గిన్నెలు.

"అమ్మకి చెప్పానండీ, పెట్టొద్దని" అంది శిరీష, ఏడుపుముఖంతో. "కొబ్బెర లేకుంటే అది ఒడి ఎట్లయితాదని వినలేదు."

బియ్యం, ఖర్జూరాలు, వక్కలు పెట్టెలోనే ఉంచి, కొబ్బరి మాత్రం తీసి, వెంకటరమణగారు మమ్మల్ని వెంటబెట్టుకుని బయట షెడ్డు దగ్గరికి వచ్చారు. చెయ్యూపిన పెద్దావిడ అక్కడే ఉంది. శిరీష తల్లి కమలమ్మగారు.

"అమ్మా, ఇవి నువ్వే తీసుకుపో" అంది శిరీష.

కమలమ్మగారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఒడిలో పోసింది మళ్లా నా గడప తొక్కకూడదు. నీ సంసారం నేను వెనక్కి తీసుకున్నట్ల అయితాది. నేను ముట్టను."

అన్ని గోతాలు ఎలా నిండాయో నాకప్పుడు అర్థమైంది. చెత్తలో వెయ్యకూడదు, విమానం ఎక్కించకూడదు, ఇంటికి తీసుకుపోకూడదు. ఎవరి తప్పూ లేకుండా బిడ్డతల్లులకి గది లేకుండా పోయింది. "ఇవీ గదిలో గోతాల్లోకే పోవల్ల, పాత కొబ్బెరంతా ఆడనే ఉండాది" అంటూ వెంకటరమణగారు కొబ్బరి పట్టుకుని గదివైపు తిరిగారు. ఇన్నాళ్లూ అదే చేశారు కాబట్టి అదే చెయ్యబోయారు.

"ఒక్క నిమిషమండీ" అంది జయంతి. కమలమ్మగారి వైపు తిరిగి, "అమ్మా, ఏం చెయ్యకూడదో చెప్పారు. మరి ఏం చేస్తే దోషం లేదు?" అని అడిగింది.

కమలమ్మగారు ఆలోచనలో పడ్డారు. ఆ మాట ఆమెని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. షెడ్డులో క్యారియర్లు సర్దుకుంటున్న ఆడవాళ్లు కూడా చెవులు ఇటే పడేశారు.

"మక్కిపోయిన పాతవి గానుగాడించి దేవుని దీపానికి పోయొచ్చు. దేవునికి పోతే తప్పులే" అన్నారు చివరికి. వెంకటరమణగారు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. "ఇవి మాత్రం దీపానికి ఇయ్యను. ఈ పొద్దే పోసినవి. ఇంకో ఆడబిడ్డ ఒడికి పోవల్ల." అని, జయంతిని పైనుంచి కిందికి చూశారు. పట్టుచీర, బొట్టు, గాజులు. "నీది యా ఊరమ్మా?"

"నరసాపురం దగ్గరండి."

"అమ్మ, నాయన ఉండారా?"

"లేరండి. నాకు ఊహ తెలియకముందే పోయారు. హాస్టల్లో పెరిగాను."

"అన్నదమ్ములు?"

"ఎవరూ లేరండి."

"మరి నీకు ఒడి ఎవురు నింపుతారు?"

"ఎవరూ నింపలేదండి" అంది జయంతి. రైలు ఎందుకు ఆలస్యమైందో చెప్పే గొంతుతోనే చెప్పింది.

నా అన్నదమ్ముల పేర్లు ఆమెకి తెలుసు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులని తెలుసు. ఏటా మా అమ్మ నాకు ఒడిబియ్యం పోస్తే, వండి వీధిలో అందరినీ పిలిస్తే, ముందుగా వచ్చి విస్తళ్లు వేసేది ఆమే. నేను ఆమెని ఈ ఒక్క ముక్క అడిగి ఉండాల్సింది.

కమలమ్మగారు ఇంకేం అడగలేదు. క్యాంటీనాయన్ని కేకేసి బియ్యం, పసుపు తెప్పించారు. సంచిలోంచి కొత్త జాకెట్టుముక్క తీశారు. జయంతిని షెడ్డులో బల్లమీద తూర్పుముఖంగా కూర్చోబెట్టి, నుదుట కుంకుమ పెట్టి, "కొంగు పట్టమ్మా" అన్నారు. జయంతికి ఎలా పట్టాలో తెలియలేదు. నేను వంగి ఆమె కొంగు సర్ది రెండు చేతుల్లో పెట్టాను. దోసిలితో బియ్యం, బియ్యం మీద కొబ్బరి గిన్నెలు. షెడ్డులో ఉన్న ముత్తైదువలు కూడా లేచి వచ్చి తలా ఒక దోసిలి పోశారు. ఆమె తల వంచుకుని ఒడినే చూస్తూ ఉండిపోయింది. ఏ ప్రశ్నా వెయ్యలేదు.

వెంకటరమణగారే గుర్తుచేశారు. "మేడం, విమానానికి టైమైతాంది. మరి మీరు, కొబ్బెరతో..."

కంచె అవతల విమానం నిలబడి ఉంది. జయంతి దాన్ని చూసింది. తర్వాత ఒడి చూసుకుంది.

"అయ్యో, నీకూ విమానమేనా?" అన్నారు కమలమ్మగారు. "ముందే చెప్పకపోతివే. ఇట్లియ్యమ్మా, ఇంకెవురికైనా..."

"ఒడిలో పోసింది వెనక్కి తీసుకోకూడదన్నారు కదమ్మా" అంది జయంతి, కొంగు గట్టిగా ముడి వేసుకుంటూ. "ఇక్కడి నుంచి హైదరాబాద్ బస్సు ఎన్నింటికండీ?"

నేనూ బస్సులోనే వస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఇద్దరం మానేస్తే ఎలా? మీరు ఎక్కండి వదినగారూ. అన్నీ చూసి నాకు చెప్పాలి. పాపకి తోడు కూడా ఉన్నట్టుంటుంది."

ఆ విధంగా విమానం మీద ఏ ముచ్చటా లేని నేను విమానం ఎక్కాను. పక్కన శిరీష, ఆమె ఒళ్లో నిద్రపోతున్న పిల్ల. చెవులు మూసుకుపోయాయి, ఎంతసేపటికి తెరుచుకున్నాయో జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాను. రెక్క ఊగుతుంటే ఎందుకూగుతోందమ్మా అని విమానంలో పనిచేసే పిల్లని పిలిచి అడిగాను. మబ్బులోంచి పోతున్నప్పుడు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూశాను. తడిసింది. నీటిచుక్కలు వెనక్కి పరుగెత్తాయి. అన్నీ చెప్పాలనుకున్నాను. దిగేటప్పుడు శిరీష నా చెయ్యి పట్టుకుని, పార్థసారథిగారికి తనే ఉత్తరం రాస్తానని, అందులో గది తెరిచే ఉందని రాస్తానని చెప్పింది.

శంషాబాద్‌లో దిగీ దిగగానే జయంతికి ఫోన్ చేశాను. బస్సు రొదలో ఆమె గొంతు సరిగ్గా వినపడలేదు.

"కిటికీ తడిసింది జయంతీ. రెక్కలూ ఊగినయి. విరగవంట, ఎందుకంటే..."

"అవన్నీ తర్వాత చెబుదురుగాని వదినగారూ. ముందు ఇది చెప్పండి. ఈ బియ్యం ఎలా వండాలి? పరమాన్నమా, పులగమా?"

"మా దిక్కు ఎట్ల చేస్తమో నేనొచ్చి చూపిస్త. ఫికర్ చెయ్యకు."

"ఎంతమందిని పిలవాలండీ?"

"వీధంతా పిలువు. ఎందరొస్తే అందరు."

నేను ఫోన్ పెట్టేయబోయాను.

"వదినగారూ, భోజనానికి వచ్చినవాళ్లు అడుగుతారు కదా, మీ పుట్టింటివాళ్లు ఎలా ఉన్నారని. మీ ఇంట్లో అందరూ అడుగుతారు, నేనూ అడిగేదాన్ని. నన్ను అడిగితే ఏం చెప్పాలి?"

"మంచిగున్నరని చెప్పు" అన్నాను.